నాలుగో గడిలో పేరు

గద్వాలలో నేతగాళ్ల వీధి వెనక, మురుగు కాలువ దాటితే వచ్చే నాలుగిళ్ల వరసలో చివరి ఇల్లు భాగ్యమ్మది. యాభై రెండేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా ఆమె పని రాట్నం తిప్పి చిన్న గొట్టాల మీదికి నూలు కండెలు చుట్టడం. మగ్గం మీద కూర్చున్నవాళ్లకు, పోగును అటూ ఇటూ నడిపే నాడెలో పెట్టుకునే కండెలు ఎన్ని ఉన్నా చాలవు కాబట్టి ఆమెకు పని లేని రోజంటూ లేదు. అక్షరం ముక్క రాదు. కానీ పోగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని అది ఎంత సన్నం నూలో చెప్పేస్తుంది. చెప్పి, మెచ్చుకుంటారేమోనని ఎదుటివాళ్ల మొహం వంక చూస్తుంది. మెచ్చుకోకపోతే ఇంకోసారి చెప్తుంది.

భర్త వెంకటన్న మార్కెట్ యార్డులో హమాలీ. ఆయన క్రిస్మస్ నాడు బిర్యానీ వేళకు మందిరానికి వస్తాడు, తిన్నాక దేవునికి ఒక దండం పెట్టి వెళ్తాడు, మళ్లీ ఏడాది దాకా ఆ లెక్క సరిపోయిందనుకుంటాడు. భాగ్యమ్మ అలా కాదు. ఇరవై రెండేళ్లుగా ఒక్క ఆదివారం తప్పలేదు. తలుపు దగ్గర, చెప్పుల పక్కన, చాప కొసన ఆమె జాగా. అక్కడ గాలి బాగా వస్తుందని చెప్తుంది. ప్రసంగం సాగితే తంబాకు వేసుకోవడానికి బయటికి జారుకోవచ్చన్నది అసలు సంగతి. అది దేవునికి తెలుసు, పాస్టరుకూ తెలుసు. ఇద్దరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఆ రేకుల మందిరానికి పాస్టరు సాంసన్. వనపర్తి వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి, మంచివాడు. మంచివాడు కాబట్టే పిలిచిన ప్రతి సదస్సుకూ వెళ్తాడు, వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకుని వస్తాడు, చిక్కల్లా అక్కడే. ఒక ఏడాది ఏడు రోజుల ఉపవాసం నేర్చుకొచ్చాడు. మూడో రోజుకే సంఘంలో సగం మందికి కళ్లు తిరిగాయి. ఇంకో ఏడాది నిలబడి చప్పట్లు కొట్టడం నేర్చుకొచ్చాడు. నిరుడు డిసెంబరులో నాగర్‌కర్నూలులో జరిగిన సదస్సు నుంచి ఒక కట్ట ఫారాలు తెచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో ‘నూతన సంవత్సర ఆత్మీయ లక్ష్యాలు’ అని, కింద నాలుగు గడులు.

జనవరి మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కర్నీ కదలనివ్వలేదు. మొదటి గడిలో బైబిల్ ఎంత చదువుతారో రాయాలి. రెండో గడిలో రోజుకు ఎంతసేపు ప్రార్థన. మూడో గడిలో మానుకోవలసిన అలవాటు. నాలుగో గడిలో ఈ ఏడు తాము ప్రభువు దగ్గరికి నడిపించబోయే ఒక ఆత్మ పేరు, అంటే మందిరానికి తెచ్చే కొత్త మనిషి పేరు. “ఏ గడీ ఖాళీ ఉండొద్దు. ఖాళీ గడి అంటే ఖాళీ హృదయం,” అన్నాడు సాంసన్. ఆ మాట కూడా నాగర్‌కర్నూలుదే.

మూడో గడిలో మందిరంలో ముప్పాతిక మంది ‘కోపం’ అని రాశారు. కోపం మానారో లేదో ఎవరూ ఇంటికొచ్చి చూడరు కదా. చదువు రానివాళ్లకు ఫారాలు నింపే పని స్త్రీల సమాజం సెక్రటరీ సుహాసినిది. ఆమె స్కూలు టీచరు, ఏటా బైబిల్ మొత్తం చదువుతుంది, చదివిన ప్రతి అధ్యాయం పక్కనా నీలి సిరాతో టిక్కు పెడుతుంది. ఫలానా చోటికి అర్థమేమిటని అడిగితే మాత్రం, ఆత్మ బయలుపరచాలమ్మా అంటుంది. ఆత్మ ఇంకా ఆమెకు చాలా విషయాలు బయలుపరచలేదు.

భాగ్యమ్మ వంతు వచ్చింది. సుహాసిని మొదటి గడిని అడక్కుండానే దాటేసి రెండో గడిలో కలం పెట్టింది. “చదువు రానోళ్లకు మొదటి గడి అక్కర్లేదు భాగ్యమ్మా. నీకు ప్రార్థన చాలు,” అంది. గట్టిగానే అంది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

భాగ్యమ్మకు ఇరవై రెండేళ్లుగా చెప్పుల పక్కన కూర్చున్నందుకు రాని రోషం ఆ ఒక్క మాటకు వచ్చింది.

“రాయి టీచరమ్మా,” అంది. “మొత్తం రాయి. మొదటి పేజి సంది ఆఖరి పేజి దాంక.”

“ఎట్ల చదువుతవు?”

“అది నా తిప్పలు. నువ్వు రాయి.”

సుహాసిని నవ్వు దాచుకుంటూ రాసింది. మూడో గడిలో తంబాకు అని చెప్పబోయి, అందరితో పాటు కోపమే అని చెప్పింది భాగ్యమ్మ. నాలుగో గడి దగ్గరికి వచ్చేసరికి వెనక వరస తొందర పెడుతోంది. ఆత్మ పేరు చెప్పమంటే ఏం చెప్తుంది? ఆ పొద్దున కండెలు ఎవరికి ఇచ్చొచ్చిందో ఆ పేరు నోటికొచ్చింది. “భూలక్ష్మి,” అంది. కింద వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలు చీర కుచ్చిళ్లకు తుడుచుకుని ఇంటికి పోయింది. మధ్యాహ్నానికల్లా నాలుగో గడి సంగతి మరచిపోయింది. మొదటి గడిని మాత్రం మరవలేకపోయింది.

అందరి ముందూ అనేసింది. ఇప్పుడు ఏడాదిలోగా బైబిల్ మొత్తం చెవిలో పడాలి, లేకపోతే వచ్చే జనవరిలో సుహాసిని ఆ నవ్వు దాచుకోదు. సెల్‌ఫోన్లో వినొచ్చని ఎవరో చెప్పారు. వెంకటన్న ఫోన్ ఒక రాత్రి అడిగి తీసుకుంది. అందులో ఒకాయన గొంతు సాగదీసి చదువుతూ పోయాడు, పది నిమిషాలకే ఆమెకు కునుకు పట్టింది. లేచి చూస్తే ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు. మధ్యలో ఏదైనా అడిగితే జవాబు చెప్పడు. ఆయనతో లాభం లేదనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది భూలక్ష్మి, ఆత్మగా కాదు, చదువు వచ్చిన మనిషిగా.

భూలక్ష్మిది రాజోలి. పదో తరగతి దాకా చదివి, గద్వాల నేతింటికి కోడలిగా వచ్చింది. మొగుడు నర్సింహులుతో కలిసి ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుంటుంది. అంచు పట్టుదీ ఒళ్లు నూలుదీ అయిన చీరకు ఇద్దరు కావాల్సిందే, అంచు పోగునూ ఒంటి పోగునూ ఒకదానికొకటి ముడేసుకుంటూ పోవాలి. ఇరవై ఆరేళ్లు ఆ మొగుడి పక్కన మూరెడు దూరంలో కూర్చున్నా అతని నోట రోజుకు పది మాటలకు మించి విన్నది లేదు. వారపత్రికల్లో సీరియళ్లు చదివే పిచ్చి ఆమెకు. ఆ పత్రికలు ఒక్కొక్కటీ ఆగిపోయాక చదవడానికి ఏమీ దొరక్క, సామాను చుట్టి తెచ్చిన కాగితాలు విప్పి చదువుకునేది. ఇంట్లో కండెలు చుట్టే అత్త పోయింది. అప్పట్నించీ కూలి ఇచ్చి భాగ్యమ్మ చేతే చుట్టించుకుంటోంది.

భాగ్యమ్మ చంకలో బైబిల్ పెట్టుకుని వెళ్లి బేరం పెట్టింది. “నీ కండెలన్ని నేను చుడత. ఒక్క పైస ఇయ్యకు. అన్నం తిన్నంక నాకు దినాం ఒక గంట గిది సదువు.”

భూలక్ష్మి పుస్తకం అందుకుని మందం చూసింది. “అక్కా, కథ బాగుంటదా?”

“నాకేం తెలుసు? సగం సగం విన్న.”

“ఇరవై రెండేండ్ల సంది పోతున్నవ్ గద!”

“మధ్యల తంబాకుకు లేస్త,” అని ఒప్పుకుంది భాగ్యమ్మ.

అలా మొదలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మగ్గం ఆగుతుంది. నర్సింహులు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంటాడు. భాగ్యమ్మ రాట్నం ముందు, భూలక్ష్మి గడప మీద. మొదటి వారంలోనే భాగ్యమ్మకు అర్థమైంది, ఈమెతో బైబిల్ వినడం మందిరంలో విన్నట్టు ఉండదని. విశ్వాసులందరికీ తండ్రి అని మందిరంలో చెప్పే ఒక పెద్దాయన పరాయి రాజ్యానికి వెళ్లి, ప్రాణభయంతో పెళ్లాన్ని చెల్లెలని చెప్పిన చోట భూలక్ష్మి పుస్తకం మడిచి ఒళ్లో పెట్టుకుంది. “ఇగ నేను ముంగటికి పోను. ముందు ఈయన సంగతి తేల్చు. గిట్లాంటోన్ని మీరు తండ్రి అంటరా?” భాగ్యమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. పది పేజీల తర్వాత ఆయనే మళ్లీ అదే పని చేశాడు. సర్దిచెప్పడానికి ఆమె దగ్గర ఏమీ మిగలలేదు.

చిన్న కూతురి కోసం ఏడేళ్లు చాకిరీ చేయించుకుని పెద్ద కూతుర్ని అంటగట్టిన మామ దగ్గర భూలక్ష్మి పడి పడి నవ్వింది. “మా నాయిన ఈయనను ఏడు దినాలు గూడ పనికి పెట్టలే. అందుకే గిట్ల తయారైండు,” అని గోడ వైపు చూసింది. కళ్లు మూసుకున్న నర్సింహులు మీసం కొద్దిగా కదిలింది.

జనవరి చివర్లో, అడవిలో దేవునికి గుడారం కట్టే అధ్యాయాలు వచ్చాయి. సంఘంలో ఎవరికీ రుచించని చోటు అది. ఎన్ని మూరల తెరలు, ఏ రంగుల దారాలు, ఎన్ని ఉంగరాలు, అన్నీ లెక్కలే. సుహాసిని అక్కడ టిక్కులు పెట్టుకుంటూ ఒక్క సాయంత్రంలో దాటేస్తుంది. భూలక్ష్మి మాత్రం అక్కడ మూడు రోజులు ఆగింది. నీలం, ఊదా, ఎరుపు దారాలు కలిపి సన్నని నూలులో బొమ్మలు నేయించారని చదివి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నర్సింహులును తట్టి లేపి, ఒక్క తెరకు ఇన్ని మూరల పొడుగంటే పడుగు ఎంత పట్టాలో లెక్క కట్టమంది. అతను లేచి కూర్చుని వేళ్ల మీద కట్టాడు. “అడవిల, మగ్గం ఎక్కడ పెట్టిర్రు?” అని అడిగాడు. ఆ రోజుకు అతని పది మాటల్లో అవి నాలుగు. “దేవునికి నేతపని తెలుసు భాగ్యక్కా. గింత వివరంగ మా షావుకారి గూడ చెప్పడు,” అంది భూలక్ష్మి. భాగ్యమ్మ పొంగిపోయింది, తనే నేసినట్టు.

ఏప్రిల్లో పేర్ల పట్టికలు వచ్చాయి. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు, పేజీలకు పేజీలు. భూలక్ష్మి దాటేద్దామంది. భాగ్యమ్మ రాట్నం ఆపేసింది. ఒక్క పేరు వదిలినా మొత్తం చదివినట్టు కాదని, టీచరమ్మకు దొరికిపోతానని పట్టుబట్టింది. మూడు రోజులు ఆ వీధిలో పోయేవాళ్లకు ఏదో ఓటర్ల జాబితా చదువుతున్నట్టు వినిపించింది. జూలైలో మంచి ఇల్లాలి గురించి ఒక అధ్యాయం వచ్చింది. ఆమె తెల్లవారకముందే లేస్తుందట, దారం వడుకుతుందట, బట్టలు నేసి అమ్ముతుందట. ఆమె మొగుడు మాత్రం ఊరి పెద్దల మధ్య కూర్చుని ఉంటాడట. భూలక్ష్మి చదవడం ఆపింది. “నేసేది ఆమె, పేరు ఆయనకు. గిదైతే మన గద్వాలనే,” అంది నెమ్మదిగా. భాగ్యమ్మకు వెంకటన్న గుర్తొచ్చాడు, తన రాట్నం గుర్తొచ్చింది, ఎందుకో కళ్లు తడిశాయి. దుఃఖం కాదు అది. ఆ పాత పుస్తకంలో తన పనిని ఎవరో చూసి రాసి పెట్టారన్న సంతోషం. ఇరవై రెండేళ్ల ప్రసంగాల్లో అలా ఒక్కసారీ అనిపించలేదు.

ఇటు మందిరంలో సాంసన్ కష్టాల్లో పడ్డాడు. అందరి చేతా ఫారం నింపించిన మనిషి తనది నింపకపోతే ఎలా? తన నాలుగో గడిలో ఒక పేరు కాదు, ‘పది ఆత్మలు’ అని రాసి, సంఘాలన్నిటినీ నడిపే పెద్దాఫీసుకు పంపించాడు. నవంబరు వచ్చేసరికి రెండే అయ్యాయి. అందులో ఒకటి సొంత బామ్మర్ది, అతను ఇంతకు ముందే వేరే సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంకొకాయన నీళ్లలోంచి లేచిన మర్నాడే రాయచూరుకు మకాం మార్చాడు. పెద్దాఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నిద్ర పట్టని సాంసన్ ఫారాల కట్ట ముందేసుకుని అందరి నాలుగో గడులూ వెతికాడు. భాగ్యమ్మ ఫారంలో భూలక్ష్మి పేరు కనిపించింది. నేతగాళ్ల ఇంట్లో రోజూ బైబిల్ చదువుతున్నారన్న మాట అప్పటికే అతని చెవిన పడింది. ఇంకేం, ప్రభువు దారి చూపించాడనుకున్నాడు.

నవంబరు మూడో వారంలో ఒక మధ్యాహ్నం. ఆ రోజు కథ మహా జోరుగా ఉంది. ఒక ఖైదీని ఓడెక్కించి రాజధానికి తీసుకుపోతున్నారు. సముద్రం మధ్యలో తుఫాను పట్టుకుంది. సూర్యుడు లేడు, చుక్కలు లేవు, పద్నాలుగు రోజులుగా ఎవరూ ముద్ద ముట్టలేదు. సరుకంతా నీళ్లలో పారేశారు. ఓడలో మొత్తం రెండు వందల డెబ్బై ఆరు మంది. భూలక్ష్మి గొంతు తగ్గించి చదువుతోంది. భాగ్యమ్మ రాట్నం ఎప్పుడో ఆగిపోయింది. నర్సింహులు కళ్లు తెరిచే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు వాకిట్లో కంజీర మోగింది.

సాంసన్, వెనకాల బత్తాయిల సంచితో సుహాసిని, కంజీర పట్టుకున్న ఇంకొకరు. ఒక పాట పాడి మరీ లోపలికి వచ్చారు. వీధిలో ఉన్న మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. గద్వాల నేతగాళ్ల వీధిలో మగ్గాలు అలా ఆగేది ఎవరైనా పోయినప్పుడే. సాంసన్ బత్తాయిలు అందిస్తూ, “సహోదరి భూలక్ష్మిగారూ, జనవరి నుంచి మీ పేరు పెట్టి మేము ప్రార్థన చేస్తున్నాము. ప్రభువు మీ హృదయాన్ని తెరిచాడు. డిసెంబరులో బాప్తిస్మానికి మంచి రోజు చూశాము,” అన్నాడు. ఆమె నమ్మదేమోనని జేబులోంచి ఫారం తీసి చేతికిచ్చాడు.

చదువు వచ్చిన మనిషి చేతికిచ్చాడు.

అది ఏ కాగితమో భాగ్యమ్మకు తెలియదు. భూలక్ష్మి కళ్లు ఒక్కో గడీ దిగుతూ పోవడం మాత్రం చూసింది. నాలుగో దగ్గర ఆగిపోయాయి. కిందున్న వేలిముద్ర మీదికి వెళ్లాయి. అక్కణ్ణించి ఎత్తి తన మొహం మీద పెట్టేసరికి భాగ్యమ్మకు జనవరి మొదటి ఆదివారం మొత్తం గుర్తొచ్చింది. 

“అయితే గందుకా అక్కా, కండెలు ఉత్తగ చుట్టింది?” అంది భూలక్ష్మి. అరవలేదు. అరిచినా బాగుండేది. “నేను నీకు పుస్తకం సదువుతున్న అనుకున్న. నువ్వు నాకు గాలం ఏస్తున్నవ్.”

“కాదు భూలక్ష్మీ, గది…” అని ఆగిపోయింది భాగ్యమ్మ. ఏం చెప్తుంది? గడి ఖాళీ ఉండొద్దన్నారని చెప్తుందా?

భూలక్ష్మి చదువుతున్న చోట ఒక ఎర్ర దారం పెట్టి, పుస్తకం మూసి, భాగ్యమ్మ చేతిలో పెట్టింది. నర్సింహులు లేచి నిలబడి, “అయ్యా, మగ్గం మీద కూసోవాలె. జర దారి ఇస్తే…” అన్నాడు సాంసన్‌తో. ఆ ఫారం, బత్తాయిల సంచి కూడా మర్యాదగా తిరిగిచ్చేశాడు. సాయంత్రానికల్లా కులసంఘం పెద్ద బాలకిష్టయ్య వచ్చి, మన వీధికి కంజీరలు రావడమేందని నర్సింహులును నిలదీశాడు. నర్సింహులుకు ఆ రోజు పది మాటలు చాలలేదు.

ఆ తర్వాత నెలన్నర భాగ్యమ్మకు ఏమీ తోచలేదు. మిగతా ఇళ్లకు కండెలు చుడుతూనే ఉంది, ఆ ఇంటి ముందు నుంచి మాత్రం తల వంచుకుని పోయేది. లోపల భూలక్ష్మి తన కండెలు తనే చుట్టుకుంటున్న చప్పుడు వినిపించేది. ఆ తిప్పుడులోనే తెలిసేది, చేతికి అలవాటు లేదని, పోగు మాటిమాటికీ తెగుతోందని. రాత్రి బైబిల్ తెరిచి ఎర్ర దారం ఉన్న పేజీని చూస్తూ కూర్చునేది. అక్కడే ఉంది ఓడ, ఆ నల్లటి గీతల్లో ఎక్కడో. మునిగిందో తేలిందో ఆ పేజీలోనే రాసి ఉంది. ఆమెకు చదవడం రాదు. చదవడం వచ్చిన మనిషి దగ్గర పుస్తకం లేదు.

ఇది విని సుహాసిని వచ్చింది. పాపం, ఆమెకూ మనసు చివుక్కుమంది. “ఇంకా నూట నలభై అధ్యాయాలే భాగ్యమ్మా. రోజూ రెండు గంటలు నేను చదువుతాను. డిసెంబరు ఆఖరుకు అయిపోతుంది. నీ మాట నిలబడుతుంది,” అంది. నిజంగానే చదవడానికి వచ్చింది. ఎర్ర దారం తీసి పక్కన పెట్టి, గొంతు సవరించుకుంది.

భాగ్యమ్మ చేయి అడ్డం పెట్టింది. సంఘంలో తలెత్తుకు తిరిగే దారి అదొక్కటే అని ఆమెకు తెలుసు. తెలిసీ అడ్డం పెట్టింది.

“వద్దు టీచరమ్మా. భూలక్ష్మి లేకుంట ఓడ ముంగటికి పోతే బాగుండదు.”

“ఓడ కాదమ్మా ముఖ్యం! బైబిల్ పూర్తి కావడం ముఖ్యం.”

“నీకు గాదు. మాకు ముఖ్యం,” అంది భాగ్యమ్మ, దారాన్ని మళ్లీ పేజీలో పెడుతూ.

డిసెంబరు చివరి ఆదివారం సాక్ష్యాల రోజు. ఫారంలో రాసింది చేశారో లేదో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. కోపం మానినవాళ్లు చాలామంది లేచారు. వాళ్లలో ఇద్దరు, ముందెవరు చెప్పాలన్న దగ్గర పోట్లాడుకున్నారు. సుహాసిని పూర్తయిందని చెప్పింది, చప్పట్లు కొట్టారు. భాగ్యమ్మ చాప కొస నుంచి లేచింది. తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతుందనుకున్నారు. కానీ మనుషుల మధ్య నుంచి నడుచుకుంటూ ముందుకు వచ్చి, సాంసన్ పక్కన నిలబడింది.

“నాది పూర్తి గాలే. ఓడ దాంక విన్న. తుఫాన్ల ఉన్నది. మునిగిందో లేదో తెల్వదు.”

జనం ఘొల్లున నవ్వారు. ఎవరో వెనక నుంచి చెప్పబోయారు. “చెప్పకుర్రి!” అని కసిరింది భాగ్యమ్మ. కోపం మానుతానని ఫారంలో రాసిన సంగతి ఆమెకు ఆ క్షణాన గుర్తు లేదు. “ఇంకొకటుంది. నాలుగో గడిల ఒక పేరు రాపిచ్చిన. ఆమెను అడగలే. గడి నింపనీకి చెప్పిన, గంతే. ఆమె నాకు ఏడాది పుస్తకం సదివింది, నేను ఆమె వాకిట్లకు కంజీర తెప్పిచ్చిన. తప్పు నాది. ఆ పేరు తీసెయ్యుర్రి.”

సాంసన్ నెమ్మదిగా, “భాగ్యమ్మా, ఇది ఇప్పుడు చెప్పే మాట కాదు,” అన్నాడు.

“ఎప్పటి మాట మల్ల?”

“పేర్ల లెక్క పెద్దాఫీసుకు వెళ్లిపోయింది.”

“పోతే ఇంకో లెక్క పంపుర్రి. ఒకటి తగ్గిందని రాయుర్రి. దేవునికి మనుషులు కావాలె గని లెక్క ఎందుకయ్యా? ఆయనకు అందరి పేర్లు ముందే తెలుసు గద.”

 సాంసన్ ఫారాల కట్ట ముందుకు లాక్కున్నాడు. మంచివాడని ముందే చెప్పాను కదా. ఫారం తీసి, ఆ పేరు కనిపించకుండా కొట్టేశాడు. కొట్టేస్తూ, “నేనూ ఆ ఇంటికి అట్ల పోకుండా ఉండాల్సింది,” అన్నాడు మైకుకు అందనంత చిన్న గొంతుతో. భాగ్యమ్మకు అందింది.

ఆశీర్వాదం అయ్యేదాకా ఆమె ఆగలేదు. నేరుగా నేతగాళ్ల వీధికి వెళ్లింది. భూలక్ష్మి, నర్సింహులు మగ్గం మీద ఉన్నారు. ఆమెను చూసి కూడా ఇద్దరూ నేత ఆపలేదు. భాగ్యమ్మ గడప అవతలే నిలబడి, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పింది. జనవరిలో పేరు చెప్పింది తనేనని, గడి ఖాళీ ఉంచొద్దంటే చెప్పానని, ఇవాళ అందరి ముందూ తీసేయించానని.

“రాసేటప్పుడు నన్ను అడిగినవా?” అంది భూలక్ష్మి, అంచు పోగు మీంచి చూపు తీయకుండా.

“లే.”

“తీసేసేటప్పుడు అడిగినవా?”

“లే.”

“మరి నా పేరు మీద నీ పెత్తనమేంది?”

భాగ్యమ్మకు అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. మగ్గం ఇంకో పది పోగులు నడిచింది.

“పుస్తకమేది?” అంది భూలక్ష్మి.

“తేలే.”

“ఏం?”

“తెస్తే సదువు అని అడిగినట్టయితది. మాఫీ అడగనీకి వచ్చిన. సదివిపిచ్చుకోనీకి రాలే.”

మగ్గం ఆగింది. ఆపింది భూలక్ష్మి కాదు. నర్సింహులు నాడె ఒళ్లో పెట్టుకుని ఇటు తిరిగాడు. నెలన్నరగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. “అక్కా, ఇంతకు ఓడ మునిగిందా?”

“నీ పని నువ్వు చేసుకో!” అని మొగుణ్ణి కసిరింది భూలక్ష్మి. కసిరి, తలదించుకుని నవ్వు ఆపుకోబోయింది. ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“మీ ఆయన అడుగుతున్నడు,” అంది భాగ్యమ్మ, ముక్కు చీదుకుంటూ. “నాకూ తెల్వదు. చెప్తమన్నా వినలే.”

“ఎందుకు వినలే?”

“నువ్వు లేవు గద.”

భూలక్ష్మి గుంత మగ్గంలోంచి కాళ్లు పైకి తీసుకుంది. “పో మరి, పోయి తే. నిలబడి ఏడుస్తవేంది! రెండు వందల డెబ్బై ఆరు మంది, నెలన్నర సంది నీళ్లల్లనే ఉన్నరు పాపం. వాళ్లను ఒడ్డుకు ఎవలు తేవాలె?”

భాగ్యమ్మ చెప్పులు వేసుకోకుండానే కాలువ దాటింది.